ఇంటిపేరు చూసి లాప్‌టాప్ కొనకండి: కొత్త మోడల్ ప్రకటనను జల్లెడ పట్టే పద్ధతి

మా మేనల్లుడికి సివిల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిన వేసవిలో ఒక కంపెనీ కొత్త లాప్‌టాప్‌ను ప్రకటించింది. పొద్దున కాఫీ తాగుతూ ఆ ప్రకటన చదివాను. తెర బాగుంది, గ్రాఫిక్స్ బాగుంది, బరువు తక్కువ. సాయంత్రానికల్లా మా అక్కకి ఫోన్ చేసి, "వాడికి ఇదే తీసుకోండి, ఇంకేమీ చూడక్కర్లేదు" అని చెప్పేశాను. నా మాట మీద వాళ్లు రెండు నెలలు ఆగారు. ఆ రెండు నెలలూ వాడు పాత డెస్క్‌టాప్ మీదే తంటాలు పడ్డాడు. చివరికి మా విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక షాపుకి అదే పేరుతో, అదే రంగు మూతతో సరుకు వచ్చింది. బావగారు డబ్బు కట్టి తెచ్చేశారు. ఇంటికొచ్చి తెరిస్తే తెర వెలవెలబోతోంది. ర్యామ్ ఎనిమిది జీబీ, అదీ బోర్డుకి అతికించేసి ఉంది. ప్రకటనలో నేను చదివిన గ్రాఫిక్స్ కార్డు అందులో లేనే లేదు. "మావయ్యా, నువ్వు చెప్పింది ఇదేనా?" అని వాడు అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

షాపు వాళ్లు మోసం చేయలేదు. ప్రకటనలో ఉన్నది ఒక కుటుంబం పేరు. షాపుకి వచ్చింది ఆ కుటుంబంలో చిన్నవాడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములంతా ఒకేలా ఉండరు కదా. లాప్‌టాప్‌లూ అంతే. ఆ సంగతి కొన్నాక కాకుండా కొనకముందే తెలుసుకోవడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు అడిగినా, ఊరి నుంచి చుట్టాలు అడిగినా ఇదే చేస్తాను. మీరూ చేయవచ్చు. ఒక నోటుబుక్కు, పెన్ను, గంట సమయం చాలు.

ముందు మీ కాగితం రాసుకోండి

ప్రకటన తెరవకముందే మూడు విషయాలు రాయండి. ఏ పనికి కావాలి, ఎంత పెట్టగలరు, ఏ తేదీలోపు చేతిలో ఉండాలి. ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ప్రకటన చదివాక రాస్తే మీ అవసరం కూడా ఆ ప్రకటనలాగే మారిపోతుంది. టాలీలో లెక్కలు రాసుకునే ఆయన గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించడం మొదలుపెడతాడు.

పని గురించి రాసేటప్పుడు "చదువుకి" అని రాసి వదిలేయకండి. ఏ సాఫ్ట్‌వేరో రాయండి. సివిల్ వాళ్లకి ఆటోక్యాడ్, రెవిట్. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి వర్చువల్ మెషిన్లు, ఆండ్రాయిడ్ స్టూడియో. డిగ్రీ కామర్స్ వాళ్లకి టాలీ, ఎక్సెల్. మొదటి రెండు రకాల వాళ్లకి 16 జీబీ ర్యామ్ కంటే తక్కువ వద్దని నా మాట. మూడో రకానికి మామూలు ప్రాసెసర్, మంచి కీబోర్డు ఉంటే బండి సాఫీగా నడుస్తుంది.

ఇక తేదీ. నెల రోజుల్లో క్లాసులు మొదలవుతున్నాయంటే మీరు ప్రకటనలు చదవడం మానేయండి. షాపులో కౌంటర్ మీద ఏమున్నాయో వాటిలోంచే ఎంచుకోండి. కొత్తది వస్తుందని ఎదురుచూస్తూ మొదటి సెమిస్టర్ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

అది వార్తా, సరుకా?

ప్రతి జనవరిలో అమెరికాలోని లాస్‌వేగస్‌లో సీఈఎస్ ప్రదర్శన జరుగుతుంది. మే నెలాఖరు, జూన్ మొదటి రోజుల ప్రాంతంలో తైపేలో కంప్యుటెక్స్. సెప్టెంబరులో బెర్లిన్‌లో ఐఎఫ్ఏ. ఎక్కువ ప్రకటనలు ఈ మూడు చోట్ల నుంచే పుడతాయి. అక్కడ వేదిక మీద చూపించిన రోజుకీ, మన డాబాగార్డెన్స్ షాపులోకి పెట్టె దిగిన రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. కొన్ని మోడళ్లు మన దేశానికి అసలు రావు.

కాబట్టి ప్రకటన చదవగానే నోటుబుక్కులో రెండు గీతలు గీసి, ఒకదానిలో "భారత్‌లో ధర", రెండోదానిలో "భారత్‌లో అమ్మకం తేదీ" అని రాయండి. రెండూ నింపగలిగితే అది సరుకు. ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా అది వార్త. వార్తని చదివి ఆనందించండి, డబ్బు మాత్రం కదపకండి.

పెద్ద కంపెనీ చెప్పింది కదా, తప్పకుండా వస్తుందిలే అనుకోవద్దు. యాపిల్ 2017 సెప్టెంబరులో ఎయిర్‌పవర్ అనే చార్జింగ్ చాపను వేదిక మీద చూపించింది. ఫోను, వాచీ, ఇయర్‌ఫోన్లు మూడూ ఒకేసారి చార్జ్ అవుతాయని చెప్పింది. 2019 మార్చిలో దాన్ని పూర్తిగా రద్దు చేసుకుంది. ఒక్కటీ అమ్మలేదు. మైక్రోసాఫ్ట్ 2024 మే 20న కోపైలట్ ప్లస్ పీసీలను (ఏఐ పనుల కోసమని చెప్పిన విండోస్ కంప్యూటర్లను) ప్రకటించినప్పుడు అందరూ మాట్లాడుకున్నది రీకాల్ అనే సదుపాయం గురించే. మనం తెర మీద చూసినవన్నీ గుర్తుపెట్టుకుని, అడిగితే వెతికి ఇస్తుందన్నారు. వ్యక్తిగత గోప్యత మీద పెద్ద గొడవ అయింది. జూన్ 18న ఆ మెషిన్లు అమ్మకానికి వచ్చేసరికి రీకాల్ వాటిలో లేదు. అందరికీ అందింది 2025 ఏప్రిల్‌లో. "త్వరలో అప్‌డేట్ ద్వారా వస్తుంది" అని ఎక్కడ కనిపించినా, ఆ సదుపాయం లేదనుకునే మీ లెక్క వేసుకోండి. తర్వాత వస్తే సంతోషం.

డాలర్ ధర చూసి రూపాయల్లోకి మార్చే అలవాటు చాలామందికి ఉంది. ఆ లెక్క నిలవదు. అమెరికాలో ప్రకటించే ధరలో అక్కడి రాష్ట్రాల అమ్మకపు పన్ను కలిపి ఉండదు. మన దగ్గర ఎంఆర్‌పీలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ఇక్కడ 59,000 అంటే అందులో 9,000 పన్ను. దిగుమతి నిబంధనల మాట కూడా ఉంది. 2023 ఆగస్టు 3న కేంద్రం లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని ప్రకటించి, మర్నాడే గడువు పొడిగించి, చివరికి నవంబరు 1 నుంచి అనుమతి తీసుకుని తెచ్చుకునే విధానం పెట్టింది. అందుకే అమెరికా తేదీ మనకు తేదీ కాదు.

సొంత పేరు ఏమిటో పట్టుకోండి

ఈ పద్ధతిలో ఇదే అసలు మెట్టు. ఓపికగా చేయండి.

ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది సిరీస్ పేరు. అది ఇంటిపేరు. దాని కింద అక్షరాలూ అంకెలూ కలిపి పొడవైన మోడల్ నంబరు ఒకటి ఉంటుంది. అది సొంత పేరు. ఒకే సిరీస్‌లో పది, పదిహేను మోడల్ నంబర్లు ఉండటం మామూలే. ఒకదానికి మంచి తెర ఉంటుంది, ఒకదానికి ఉండదు. ఒకదానికి విండోస్ ఉంటుంది, ఇంకోటి ఫ్రీడాస్‌తో వస్తుంది, అంటే విండోస్ మీరే విడిగా కొనుక్కోవాలి. కంపెనీ సైట్లో ఆ సిరీస్ పేజీ తెరిచి, భారత్‌లో అమ్మే మోడల్ నంబర్లు అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకోండి. ప్రతి నంబరు పక్కన ప్రాసెసర్, ర్యామ్, తెర, బ్యాటరీ రాయండి. అరగంట పడుతుంది. ఆ అరగంట నేను ఆ రోజు కాఫీ తాగుతూ పెట్టి ఉంటే మా మేనల్లుడికి ఆ బాధ తప్పేది.

ప్రాసెసర్‌కి కూడా ఇంటిపేరు, సొంత పేరు ఉంటాయి. ఒక ఉదాహరణ చెప్తాను. 2023 నాటి ఏఎండీ లాప్‌టాప్ ప్రాసెసర్లలో రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ, రైజెన్ 5 7540యూ అని మూడు ఉన్నాయి. ప్రకటనలో మూడింటినీ "కొత్త రైజెన్ 5" అనే అంటారు. కానీ ఆ నాలుగు అంకెల్లో మూడోదాన్ని చూడండి. అది లోపలి డిజైను ఏ తరానిదో చెప్తుంది. 2 అంటే జెన్ 2, మొదటిసారి 2019లో వచ్చిన డిజైను. 3 అంటే జెన్ 3. 4 అంటే జెన్ 4. మొదటి అంకె 7 మాత్రం ఏ సంవత్సరం సరుకుగా అమ్ముతున్నారో చెప్తుందంతే. 7520యూలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), మిగతా రెండింటిలో ఆరేసి కోర్లు. చూడటానికి పక్కపక్క నంబర్లే, పనిలో మాత్రం చాలా తేడా. 7520యూ చెడ్డదని నేననను. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, పాఠాలు వినడానికి హాయిగా పనికొస్తుంది. దాన్ని కొనేవాళ్లకి ఏది కొంటున్నారో తెలియాలి, ధర దానికి తగ్గట్టు ఉండాలి.

ఇంటెల్‌లోనూ ఇంతే. 2023 డిసెంబరులో కోర్ అల్ట్రా పేరుతో కొత్త డిజైను వచ్చింది. 2024 జనవరిలో "అల్ట్రా" లేకుండా కోర్ 5 120యూ, కోర్ 7 150యూ వచ్చాయి. పేరు కొత్తదే గానీ లోపలిది అంతకుముందు తరం డిజైను. "అల్ట్రా" అనే ఒక్క మాట ఉందా లేదా అని చూడకపోతే మీరు ఒకటి అనుకుని ఇంకోటి తెచ్చుకుంటారు.

"వరకు" అన్న చోటల్లా గీత గీయండి

ప్రకటనను ప్రింటు తీయండి, లేదా ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "వరకు" అనే మాట, చుక్క గుర్తు (*) ఎక్కడ కనిపించినా కింద గీత గీయండి. 32 జీబీ వరకు, 18 గంటల వరకు, 1 టీబీ వరకు. "వరకు" అన్నది ఆ కుటుంబంలో పెద్దవాడి గొప్ప. మీరు కొనబోయేవాడిది ఎంతో మీ నోటుబుక్కులో మోడల్ నంబరు పక్కన ఉంటుంది. గీత గీసిన ప్రతిచోటా ప్రకటనలోని అంకె కొట్టేసి ఆ అంకె వేయండి.

బ్యాటరీ గంటల్ని మాత్రం ఇలా తేల్చలేం, దానికి చిన్న లెక్క కావాలి. గంటలు వదిలేసి వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ఎన్నో చూడండి. బ్యాటరీ 50 వాట్-అవర్లు, ప్రకటనలో 15 గంటలు అని ఉందనుకుందాం. 50ని 15తో భాగిస్తే 3.3. అంటే మెషిన్ సగటున 3.3 వాట్లు మాత్రమే తాగితే ఆ గంటలు వస్తాయి. సాధారణంగా ఈ అంకెలు తెర వెలుగు తగ్గించి, మెషిన్లోనే ఉన్న వీడియో ఒకటి ఆడిస్తూ కొలిచినవి. మన వాడకం అది కాదు. బ్రౌజర్లో పది ట్యాబులు, వైఫై, ఒక వీడియో క్లాసు, తెర వెలుగు ముప్పావు వంతు పెడితే నేను చూసిన మామూలు లాప్‌టాప్‌లు 8 నుంచి 10 వాట్లు తాగుతాయి. 50ని 9తో భాగించండి. అయిదున్నర గంటలు. కాలేజీకి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పిల్లకి చార్జర్ మోసుకెళ్లాలా వద్దా అన్నది ఈ అంకె చెప్తుంది, ఆ పదిహేను చెప్పదు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఇంతే ముఖ్యమైన అంకె వాట్లు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4050 లాప్‌టాప్ కార్డును కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోవచ్చు. సన్నటి మెషిన్లో తక్కువ, మందంగా ఉండే గేమింగ్ మెషిన్లో ఎక్కువ. పేరు మాత్రం రెండింట్లో అదే. ప్రకటనలో వాట్లు రాయకపోతే స్పెక్ షీట్‌లో (మోడల్ సాంకేతిక వివరాల పట్టికలో) వెతకండి, అక్కడా లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.

ఈ చుక్క గుర్తుల గురించి మన చట్టం కూడా మాట్లాడింది. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. కింద రాసే వివరణ పైన చెప్పిన మాటకు విరుద్ధంగా ఉండకూడదు. పైన ఏ భాషలో గొప్ప చెప్పారో వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో పెద్దగా రాసి ఇంగ్లీషులో చిన్నగా తప్పించుకోవడం కుదరదన్నమాట. తప్పుడు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. అందుకే ఆ స్క్రీన్‌షాట్ దాచమంటున్నాను. ఏదైనా తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది.

చెప్పనివి అడగండి

మంచి సంగతిని ఏ కంపెనీ దాచుకోదు. ప్రకటనలో ఒక విషయం గురించి మాట లేదంటే అక్కడ ఏదో తగ్గించారనే అనుకుని వెతకండి.

నేను మొదట వెతికేది తెర. "ఫుల్ హెచ్‌డీ యాంటీ గ్లేర్" అని మాత్రమే రాసి ఊరుకుంటే చాలాసార్లు అది 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర అయి ఉంటుంది. నిట్స్ అంటే వెలుగు. మన ఊరి ఎండలో కిటికీ పక్కన కూర్చుంటే 250 నిట్స్ తెర మీద మన ముఖమే కనిపిస్తుంది. 300కి తగ్గకుండా చూసుకోండి, 400 ఉంటే హాయి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే రంగుల సంగతి. అది ఇంచుమించు 62 శాతం ఎస్‌ఆర్‌జీబీకి సమానం, అంటే మామూలుగా కనిపించాల్సిన రంగుల్లో మూడో వంతుకు పైగా ఆ తెర చూపించలేదు. ఫొటోలు, డిజైన్ పని చేసే వాళ్లకి అసలు పనికిరాదు. బట్టల షాపు ఆన్‌లైన్ పేజీ నడిపే ఒకావిడ అలాంటి తెర మీద చీరల ఫొటోలు సరిచేసి పెట్టేది. రంగు వేరేగా ఉందని సరుకు వెనక్కి వస్తుంటే కారణం తెర అని తెలుసుకోవడానికి ఆమెకి చాలా కాలం పట్టింది.

తర్వాత ర్యామ్. ఎల్‌పీడీడీఆర్ అని మొదలైతే దాదాపు ఎప్పుడూ బోర్డుకి అతికించినదే. కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. ఉత్త డీడీఆర్ అని ఉంటే స్లాట్ ఉండొచ్చు, ఎన్ని స్లాట్లో, ఎన్ని ఖాళీయో అడగాలి. 8 జీబీ కర్ర (ర్యామ్ స్టిక్) ఒక్కటే ఉన్నదాని కంటే 8 జీబీవి రెండు ఉన్నది ఎందుకు మేలంటే, రెట్టింపు కావడంతో పాటు ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి చదువుకుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

యూఎస్‌బీ పేర్లు మరీ గందరగోళం. టైప్-సీ అన్నది కన్నం ఆకారం మాత్రమే, వేగం కాదు. యూఎస్‌బీ 3.2 జెన్ 1 అంటే సెకనుకి 5 గిగాబిట్లు, పాత రోజుల్లో దీన్నే 3.0 అన్నారు. జెన్ 2 అంటే 10. ఆ కన్నంలోంచి చార్జ్ అవుతుందా, మానిటర్ పెట్టుకోవచ్చా అన్నది విడిగా అడగాల్సిందే. 512 జీబీ అని కొన్న డ్రైవు విండోస్‌లో 476 అని కనిపిస్తే కంగారుపడకండి, కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే.

ఇక "ఏఐ" అన్న మాట. దాని పక్కన ఎన్‌పీయూ (ఏఐ పనులకే విడిగా పెట్టిన భాగం) ఎన్ని టాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందనే కొలత) అని అంకె ఉందా చూడండి. కోపైలట్ ప్లస్ పీసీ అనిపించుకోవాలంటే మైక్రోసాఫ్ట్ నియమం ప్రకారం ఎన్‌పీయూకి కనీసం 40 టాప్స్, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజి కావాలి. మొదటి తరం కోర్ అల్ట్రాలో ఎన్‌పీయూ ఉంది గానీ 11 టాప్స్ దగ్గరే. రెండింటి మూత మీదా ఏఐ అనే రాస్తారు. మీ కాగితం మీద ఏఐ పని ఏదీ లేకపోతే ఈ పేరా వదిలేయండి, దానికోసం పైసా ఎక్కువ పెట్టకండి.

మన ఊరి గాలి తట్టుకుంటుందా

ఈ ప్రశ్న ఏ ప్రకటనలోనూ ఉండదు. హైదరాబాదు వాళ్లకి అవసరం లేదు, మనకి తప్పదు. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, పెద వాల్తేరు, రుషికొండ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లు ఎన్నేళ్లకి తుప్పు పడుతుందో చూసిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు గాలే లాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి పీల్చుకుంటుంది. స్క్రూలకి తుప్పు, రాగి గీతల మీద పచ్చటి చిలుము. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో బాల్కనీలో కూర్చుని రోజూ పని చేసుకునే ఒకాయన మెషిన్ వెనక మూత విప్పితే చార్జింగ్ కన్నం చుట్టూ చిలుము కట్టి ఉంది. వారంటీ అడిగితే తుప్పు, చెమ్మ తగిలితే వర్తించదని కంపెనీ చెప్పింది. ఆ షరతు వారంటీ పత్రంలో ముందు నుంచే ఉంది.

ప్రకటనల్లో "మిలిటరీ గ్రేడ్ దృఢత్వం" అని చదువుతుంటారు. దాని వెనక ఉన్నది మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైన్యపు పరీక్షల పుస్తకం. ప్రస్తుతం వాడుతున్న హెచ్ రూపం 2019లో వచ్చింది. ఆ పుస్తకంలో ఎన్నో రకాల పరీక్షలున్నాయి. వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. కిందపడేయడం, కుదపడం, వేడి, చలి చేసి "పాస్" అని రాసుకోవచ్చు. మనకి కావలసినవి రెండు. 507వ పద్ధతి తేమ పరీక్ష. 509వ పద్ధతి ఉప్పు మంచు పరీక్ష. కంపెనీ సైట్లో పరీక్షల జాబితా వెతికి ఈ రెండు అంకెలు ఉన్నాయో లేదో చూడండి. తేమ పరీక్ష చాలామంది చేస్తారు. ఉప్పుది అన్నిచోట్లా ఉండదు. అది ఉన్న మోడల్ దొరికితే, అదే ధరలో ఇంకోదాని ప్రాసెసర్ కొంచెం వేగంగా ఉన్నా, సముద్రం పక్క ఇళ్ల వాళ్లకి నేను మొదటిదే చెప్తాను.

పాతనగరంలో పోర్టుకి దగ్గరగా ఉండేవాళ్లకి ఉప్పుతో పాటు బొగ్గు దుమ్ము కూడా. గాజువాక వైపు కూడా దుమ్ము తక్కువేం కాదు. మీరు చూడాల్సింది వెనక మూత మామూలు స్క్రూలతో విప్పగలమా, విప్పితే వారంటీ పోతుందా అని. ఏడాదికోసారి ఫ్యాన్ శుభ్రం చేయించుకునే వీలుండాలి.

కరెంటు సంగతీ ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి ఊరు చీకట్లో ఉంది. అలాంటిది మళ్లీ రాకూడదనే కోరుకుందాం గానీ, చిన్న తుపానుకే గంటల కొద్దీ కరెంటు పోవడం మనకి అలవాటే. టైప్-సీ నుంచి చార్జ్ అయ్యే మెషిన్ అయితే పవర్‌బ్యాంకుతోనో, పక్కింటి వాళ్ల చార్జర్‌తోనో గట్టెక్కవచ్చు. కంపెనీకే ప్రత్యేకమైన గుండ్రటి పిన్ను అయితే ఆ చార్జర్ పాడైన రోజు ఊరంతా తిరగాలి.

సర్వీస్ సెంటర్ ఊళ్లో ఉందా, లేక పెట్టె హైదరాబాదు పంపాలా? వారంటీ ఇంటికొచ్చి చేసేదా, మనం మోసుకెళ్లేదా? ఫోన్ చేసి కనుక్కోండి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉండే పిల్లలకి ఇది మరీ ముఖ్యం.

రివ్యూలు ఎప్పుడు చదవాలి

ప్రకటన వచ్చిన రోజున కనిపించేవి చాలావరకు కంపెనీ పంపిన నమూనాను చూసి రాసినవి. ఆ నమూనా సాధారణంగా కుటుంబంలో పెద్దవాడే. రివ్యూలో మోడల్ నంబరు చూసి, అది మీ నోటుబుక్కులో మీరు గుర్తు పెట్టుకున్న నంబరు కాకపోతే పక్కన పెట్టేయండి. అమ్మకం మొదలై ఆరు వారాలు గడిచాక కొన్నవాళ్లు రాసినవి చదవండి. నక్షత్రాలు లెక్కపెట్టకుండా రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. కోపంతో ఒకటి ఇచ్చినవాళ్లకన్నా వీళ్లు వివరంగా చెప్తారు.

కౌంటర్ దగ్గర

ఇప్పుడు నోటుబుక్కు పట్టుకుని షాపుకి వెళ్లండి. "ఈ సిరీస్ ఉందా" అని అడగకండి. మోడల్ నంబరు చదివి వినిపించండి. "అది లేదు సార్, ఇది ఉంది, సేమ్ టు సేమ్" అంటారు. అప్పుడు తగువు పడక్కర్లేదు. "పెట్టె మీద స్టిక్కర్ చూపించండి బాబూ" అని మర్యాదగా అడగండి. స్టిక్కర్ మీద పూర్తి నంబరు, ప్రాసెసర్, ర్యామ్, ఎంఆర్‌పీ, తయారైన లేదా దిగుమతి అయిన నెల, తయారైన దేశం ఉంటాయి. మీ కాగితంతో సరిపోల్చండి. నంబరు చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగి, ఆ నంబరు ఫోన్లో వెతకండి.

బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. 2012 ఉత్తర్వుతో మొదలైన తప్పనిసరి రిజిస్ట్రేషన్ లాప్‌టాప్‌లకి ఉంది, అడాప్టర్లకీ ఉంది. "ఆర్" అక్షరం పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ అంకెలు కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో కనిపిస్తుంది. చార్జర్ మీద కూడా కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

డెమో పీస్ ఉంటే దాని తెరను గ్లాసు తలుపు వైపు తిప్పి, ఎండ పడేలా పెట్టి చూడండి. షాపు లోపలి ట్యూబ్‌లైట్ల కింద అన్ని తెరలూ బాగానే ఉంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ దగ్గర స్లాట్లు ఎన్ని వాడారో చూడండి. కీబోర్డు మీద మీ పేరు పదిసార్లు టైపు చేయండి.

కొత్త మోడల్ వచ్చిన వారంలో షాపు వాళ్లు పాతదాని ధర తగ్గిస్తారు. మీ కాగితం మీద రాసుకున్న పనికి పాతది సరిపోతే, మంచి తెర, 16 జీబీ ఉంటే, మొహమాటం లేకుండా అదే తీసుకోండి. మా మేనల్లుడికి రెండోసారి కొన్నది అలాంటిదే. అప్పుడు కొత్తది ప్రకటించి పది రోజులైంది. వాడే మోడల్ నంబరు రాసుకొచ్చాడు, వాడే స్టిక్కర్ చదివాడు, నేను పక్కన నిలబడ్డానంతే.

బిల్లు మీద సిరీస్ పేరు రాసి ఊరుకోనివ్వకండి. పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు, జీఎస్టీ వివరాలు రాయించుకోండి. సీరియల్ నంబరుతో కంపెనీ సైట్లో వారంటీ తేదీ ఆ రోజే చూసుకోండి. గోడౌన్లో పడి ఉన్న సరుకుకి ఒక్కోసారి వారంటీ ముందే మొదలైపోయి ఉంటుంది. అలా ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు. ఇంటికెళ్లాక మెషిన్ బోర్లించి వెనక ఉన్న స్టిక్కర్‌ను ఫోన్లో ఫొటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి. మన ఊరి చెమటకీ చెమ్మకీ రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ అక్షరాలు చెరిగిపోతాయి, సర్వీస్ సెంటర్లో మొదట అడిగేది ఆ అంకెలే.